అడగలేని వారి హక్కు

శుక్రవారం మధ్యాహ్నం మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల మసీదులకు వెళ్ళి చూడండి. ఖుత్బా మొదలయ్యేసరికి లోపల చోటు నిండిపోతుంది. ఆలస్యంగా వచ్చినవారు మెట్ల మీద, బయట పరచిన చాపల మీద నిలబడతారు. మెడలోని ఐడీ కార్డును చొక్కా జేబులోకి తోసి సజ్దా చేసే యువకులు, యూనిఫాంలోనే వచ్చిన సెక్యూరిటీ గార్డులు, బండి పక్కన ఆపి పరుగున వచ్చిన క్యాబ్ డ్రైవర్లు ఒకే వరుసలో భుజం భుజం కలిపి నిలబడతారు. నమాజు ముగిసి బయటికి వస్తే ద్వారం దగ్గర చేతులు చాచినవారు బారులు తీరి ఉంటారు. మనం జేబులో చేయి పెట్టి, అందిన నోటు ఇచ్చి, మనసు తేలికపడగా ఆఫీసుకు తిరిగి వెళ్తాం.

మరి ఆ వరుసలో మన పక్కనే నిలబడినవాడి సంగతేమిటి? అతని జేబులోని కార్డు ఇంకా ఆఫీసు గేటు తెరుస్తోందా? ఈ నెల అద్దె కట్టాడా? పిల్లల స్కూలు ఫీజు ఎక్కడి నుంచి తెచ్చాడు? ఈ ప్రశ్నలు మనకు తట్టవు. ఎందుకంటే అతను చేయి చాచలేదు.

కొంతకాలం క్రితం మాకు తెలిసిన ఒక కుటుంబంలో ఇదే జరిగింది. ఆ ఇంటి యువకుడు ఉద్యోగం పోయి మూడు నెలలైనా ఇంట్లో చెప్పలేదు. రోజూ ఉదయం ఇస్త్రీ చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరేవాడు. సాయంత్రం దాకా మసీదులోనో, పార్కులోనో కూర్చునేవాడు. అద్దె కోసం ఫోనులోని ఒక అప్పుల యాప్ నుంచి కొద్ది మొత్తం తీసుకున్నాడు. గడువు దాటిన మర్నాడే అతని ఫోనులో పేర్లున్న వారందరికీ, అంటే మేనమామకు, పాత మేనేజరుకు, చెల్లెలి అత్తగారికి, అతని ఫోటోతో సహా 'ఇతడు దొంగ' అన్న సందేశం వెళ్ళింది. మాకూ వచ్చింది. దాన్ని చూసి మేము సిగ్గుతో తలదించుకున్నాం. ఎందుకంటే ఆ మూడు నెలలూ ప్రతి జుమాకూ అతను మాకు సలాం చేశాడు. 'ఎలా ఉన్నారు?' అని అడిగాం. 'అల్‌హందులిల్లాహ్' అన్నాడు. అంతకుమించి మేమేమీ అడగలేదు.

ముఖం చూసి గుర్తుపట్టాలి

దివ్య ఖుర్ఆన్ ఇలాంటి వారి గురించి పద్నాలుగు వందల ఏళ్ళ క్రితమే హెచ్చరించింది. మన సహాయానికి ప్రత్యేకంగా అర్హులైన కొందరు పేదల ప్రస్తావన సూరా బఖరా 273వ ఆయత్‌లో ఉంది. వారి ఆత్మాభిమానం వల్ల, తెలియనివాడు వారిని స్థితిపరులనే భ్రమపడతాడని, వారి ముఖకవళికలను బట్టే వారిని గుర్తించవలసి ఉంటుందని, వారు జనాన్ని పట్టుకుని వేధించి అడగరని ఆ ఆయత్ తెలియజేస్తోంది. సూరా జారియాత్‌లో అల్లాహ్ విశ్వాసుల సంపదలో అడిగేవానికీ, అడగకుండా వంచితుడై ఉండిపోయేవానికీ ఇద్దరికీ హక్కు ఉందని ప్రకటించాడు. గమనించండి, అక్కడ ఉన్న మాట దయ కాదు, హక్కు.

దైవప్రవక్త (స) కూడా అసలైన మిస్కీన్ ఎవరో వివరించారు. ఒకటి రెండు ముద్దల కోసం, ఒకటి రెండు ఖర్జూరాల కోసం ఇల్లిల్లూ తిరిగేవాడు అసలైన మిస్కీన్ కాడని, తన అవసరాలకు సరిపడా లేకపోయినా, ఇతరులకు తెలియక దానం అందనివాడే, లేచి వెళ్ళి ఎవరినీ అడగనివాడే మిస్కీన్ అని ఆయన చెప్పినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది.

దీన్నిబట్టి వెతికే బాధ్యత అవసరంలో ఉన్నవానిది కాదు, ఇవ్వగలిగినవానిది అని తేలుతోంది. అయితే ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. తన కష్టాన్ని దాచుకోవాలనుకునేవాడిని వెతికి పట్టుకోవటం ఎలా? పట్టుకున్నాక, అతని తల వంగకుండా ఇవ్వటం ఎలా? వ్యక్తిగా ఎవరైనా ఒక్కసారి ఇది చేయగలరేమో. కానీ ఒక సమాజం మొత్తం, ఏళ్ళ తరబడి, క్రమం తప్పకుండా చేయాలంటే దానికొక ఏర్పాటు కావాలి. అలాంటి ఏర్పాటు చేసుకున్న ఒక సమాజం గురించి ఈ వ్యాసంలో మాట్లాడుకుందాం.

ఆ సమాజం యూదులది.

ఈ పేరు చూడగానే మన పాఠకుల్లో కొందరి నొసలు ముడిపడవచ్చు. పాలస్తీనా ప్రజలు అనుభవిస్తున్న బాధ మన గుండెల్లో మానని గాయం. దాన్ని మరచిపొమ్మని మేము చెప్పటం లేదు. కానీ ఒక జనసమూహం పట్ల ఉన్న కోపం మనల్ని న్యాయం తప్పేలా చేయకూడదని సూరా మాయిదా 8వ ఆయత్ ఆదేశిస్తోంది. గ్రంథ ప్రజలందరూ ఒకే రకం కాదని సూరా ఆలి ఇమ్రాన్ 113వ ఆయత్ స్పష్టం చేస్తోంది. ఒక రాజ్యం చేసే పనులకు ప్రపంచంలోని ఒక మతస్థులందర్నీ దోషులుగా నిలబెట్టటం ఎంత అన్యాయమో, అలాంటి నిందలు తరచూ మోసే మనకంటే బాగా ఇంకెవరికి తెలుసు?

పిట్స్‌బర్గ్‌లో ఒక పేట

హైటెక్ సిటీ నుంచి అమెరికా వెళ్ళే మన పిల్లలకు పిట్స్‌బర్గ్ కొత్త ఊరేమీ కాదు. కంప్యూటర్ చదువులకు పేరొందిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం అక్కడే ఉంది. దాన్ని ఆనుకునే స్క్విరెల్ హిల్ అనే పేట ఉంది. తరతరాలుగా యూదులు ఎక్కువగా నివసించే పేట అది. అక్కడ 'జ్యూయిష్ ఫ్యామిలీ అండ్ కమ్యూనిటీ సర్వీసెస్' అనే సేవాసంస్థ పనిచేస్తోంది. పేదలకు సరుకులిచ్చే ఆహార కేంద్రం, ఉద్యోగం పోయినవారికి కొత్త ఉద్యోగం వెతుక్కోవటంలో తోడ్పడే విభాగం, మనసు కుంగినవారికి సలహాలిచ్చే నిపుణులు, వృద్ధుల ఆలనాపాలనా, ఇవన్నీ దాని కిందే ఉన్నాయి. అమెరికాలోని చాలా పెద్ద నగరాల్లో యూదులకు ఇలాంటి సంస్థ ఒకటి ఉంటుంది.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ పేటలో ఉద్యోగం పోయినవాడు ప్రార్థనామందిరం మెట్ల మీద చేయి చాచి కూర్చోనక్కర్లేదు. వెళ్ళటానికి ఒక కార్యాలయం ఉంది. అక్కడ మాట్లాడటానికి ఒక కుర్చీ ఉంది. చెప్పింది బయటికి పొక్కదన్న భరోసా ఉంది.

వారు తమవారితోనే ఆగిపోలేదు. ఈ సంస్థ పిట్స్‌బర్గ్‌కు వచ్చే శరణార్థులకు ఇళ్ళు చూపించి, పనులు ఇప్పించి స్థిరపరిచే బాధ్యత కూడా తీసుకుంది. ఈ పనిలో దానికి తోడు 'హయాస్' అనే జాతీయ సంస్థ. రష్యా సామ్రాజ్యంలోని ఊచకోతల నుంచి పారిపోయి వచ్చిన యూదులను ఆదుకోవటానికి 19వ శతాబ్దం చివర్లో న్యూయార్కులో మొదలైన సంస్థ అది. కాలక్రమంలో శరణు కోరే యూదుల సంఖ్య తగ్గిపోయింది. పని అయిపోయిందని వారు తలుపులు మూసుకోవచ్చు. కానీ మూయలేదు. ఒకప్పుడు మనమూ పరాయి నేల మీద దిక్కులేకుండా నిలబడ్డవాళ్ళమే కదా అన్న స్పృహతో మిగతా శరణార్థుల కోసం తలుపులు తెరిచారు. అలా ఆశ్రయం పొందినవారిలో సిరియా, ఆఫ్ఘనిస్తాన్ వంటి దేశాల ముస్లిములు ఎందరో ఉన్నారు.

దానికి వారు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 2018 అక్టోబరు 27, శనివారం ఉదయం స్క్విరెల్ హిల్‌లోని 'ట్రీ ఆఫ్ లైఫ్' ప్రార్థనామందిరంలోకి ఒక దుండగుడు తుపాకీతో చొరబడి 11 మందిని కాల్చి చంపాడు. లోపలికి వెళ్ళే ముందు అతను ఇంటర్నెట్‌లో రాసిన మాటల్లో హయాస్ మీద విషం కక్కాడు. ఆ సంస్థ తన దేశంలోకి ఆక్రమణదారులను తెస్తోందని అతని ఆరోపణ. ఆ భవనంలో ప్రార్థనలు చేసుకునే సమాజాల్లో ఒకటి హయాస్ తలపెట్టిన శరణార్థుల సంఘీభావ కార్యక్రమంలో పాలుపంచుకుంది. అంటే పరాయివారిని అక్కున చేర్చుకున్నందుకు, అందులో మన సోదరులూ ఉన్నందుకు ఆ ద్వేషం వారి మీద విరుచుకుపడింది.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పుకోవాలి. అమెరికా ముస్లిములు బాధిత కుటుంబాల కోసం చందాలు పోగుచేస్తే కొద్ది రోజుల్లోనే రెండు లక్షల డాలర్లు దాటాయి. పిట్స్‌బర్గ్ ఇస్లామిక్ సెంటర్ వారు యూదుల వెంట నిలబడ్డారు. ఒకరి మేలు మరొకరిలోని మేలును తట్టి లేపటం అంటే ఇదే.

దానానికి ఎనిమిది మెట్లు

వారి సేవ వెనుక ఉన్న ఆలోచన మనకు పరాయిదేమీ కాదు. మనం సదఖా అంటాం, వారు హీబ్రూలో సెదకా అంటారు. అరబ్బీ, హీబ్రూ భాషలు తోబుట్టువులు. రెండు పదాలూ ఒకే మూలధాతువు నుంచి వచ్చాయి. అరబ్బీలో ఆ ధాతువుకు సత్యమని, హీబ్రూలో న్యాయమని అర్థం. అంటే ఇవ్వటం మన గొప్పతనమని కాక, ఇవ్వకపోవటం అన్యాయమని రెండు భాషలూ గుర్తుచేస్తున్నాయి.

జెరూసలెంలోని ప్రాచీన ఆలయంలో ఒక రహస్య గది ఉండేదని యూదుల ధర్మగ్రంథాలు చెబుతాయి. ఇచ్చేవారు ఎవరూ చూడకుండా అందులో ధనం ఉంచి వెళ్ళేవారు. మంచి కుటుంబాల్లో పుట్టి చితికిపోయినవారు ఎవరూ చూడకుండా వచ్చి కావలసినంత తీసుకువెళ్ళేవారు. ఎవరు ఇచ్చారో వీరికి తెలియదు, ఎవరు తీసుకున్నారో వారికి తెలియదు.

12వ శతాబ్దపు యూద ధర్మశాస్త్రవేత్త మూసా ఇబ్ను మైమూన్ దానాన్ని ఎనిమిది మెట్లుగా వర్గీకరించాడు. ఈయన స్పెయిన్‌లోని ఖుర్తుబా నగరంలో పుట్టాడు. అక్కడి మువహ్హిదీన్ పాలకుల వేధింపులకు ఊరు విడిచి, చివరికి ఈజిప్టులో ఆశ్రయం పొంది, సుల్తాన్ సలాహుద్దీన్ ఏలుబడిలో అక్కడి ఆస్థాన వైద్యుడయ్యాడు. 1204లో మరణించాడు. వేధించిన పాలకులూ, ఆదరించిన పాలకులూ ముస్లిములే. ఈ రెండు సత్యాలనూ మనం ఒప్పుకోవాలి.

ఆయన లెక్కలో అన్నిటికంటే కింది మెట్టు మొహం ముడుచుకుని ఇవ్వటం. దాని పైది సంతోషంగానే అయినా తక్కువ ఇవ్వటం. తర్వాత అడిగాక ఇవ్వటం, ఆ పైన అడగకముందే ఇవ్వటం. ఇంకా పైకి వెళ్తే ఇచ్చినవాడు, తీసుకున్నవాడు ఒకరికొకరు తెలియకపోవటం. అన్నిటికంటే పై మెట్టు ఏమిటో తెలుసా? మనిషి పడిపోకముందే పట్టుకోవటం. అతనికి అప్పు ఇచ్చో, వ్యాపారంలో భాగస్వామిని చేసుకునో, పని చూపించో ఇక ఎవరినీ అడగనక్కర్లేని స్థితికి చేర్చటం.

1892లో న్యూయార్కులోని కొందరు బీద యూదు వలసదారులు 95 డాలర్ల మూలధనంతో 'హీబ్రూ ఫ్రీ లోన్ సొసైటీ'ని స్థాపించటానికి స్ఫూర్తి ఈ ఆలోచనా సంప్రదాయమే. బండి మీద కూరగాయలు అమ్ముకునేవారికి, కుట్టుమిషను కొనుక్కునేవారికి ఐదు, పది డాలర్లు అప్పిచ్చేవారు. వడ్డీ లేదు. ఇద్దరు హామీదారులుంటే చాలు. తిరిగి వచ్చిన సొమ్ము మరొకరికి వెళ్ళేది. తమ ధర్మశాస్త్రం పరాయివాడి దగ్గర వడ్డీ తీసుకోవటానికి వెసులుబాటు ఇస్తుందని చెప్పుకునే యూదులు చరిత్రలో ఉన్నారు. ఈ సంస్థ మాత్రం మతం అడగకుండా అందరికీ వడ్డీ లేకుండానే ఇచ్చింది. అది నేటికీ పనిచేస్తోంది.

మన ఇంట్లోని నిధి

ఇదంతా చదివి 'ఇవన్నీ మన ధర్మంలో లేవా?' అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. మా బాధ కూడా అదే.

ఒక అన్సారీ సహాబీ దైవప్రవక్త (స) దగ్గరకు వచ్చి సహాయం అర్థించారు. ప్రవక్త (స) ఇంట్లో ఏముందని అడిగి, ఉన్న ఒక దుప్పటినీ, ఒక పాత్రనూ తెప్పించి రెండు దిర్హములకు అమ్మించారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి కొనమన్నారు. రెండో దిర్హముతో గొడ్డలి తెప్పించి, దానికి స్వయంగా తమ చేతులతో పిడి బిగించి ఇచ్చారు. పదిహేను రోజుల్లో ఆ మనిషి కట్టెలు కొట్టి పది దిర్హములు సంపాదించారు. అబూ దావూద్ గ్రంథంలోని ఈ సంఘటనలో ప్రవక్త (స) చేసింది ఇబ్ను మైమూన్ చెప్పిన పై మెట్టే, ఆయనకంటే ఐదు శతాబ్దాల ముందు.

జకాత్ ధనానికి ఖుర్ఆన్ నిర్ణయించిన ఎనిమిది పద్దుల్లో అప్పుల్లో కూరుకుపోయినవారిది ఒకటి. అప్పు తీసుకున్నవాడు ఇబ్బందిలో ఉంటే గడువు ఇవ్వాలని, మాఫీ చేస్తే మరీ మంచిదని సూరా బఖరా 280వ ఆయత్ బోధిస్తోంది. మేలు చేసి, దెప్పి, మనసు గాయపరిచి దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని అదే సూరా 264వ ఆయత్ హెచ్చరిస్తోంది.

అప్పు తీసుకోవటం అవమానం కాదనటానికి ప్రవక్త (స) జీవితమే సాక్ష్యం. ఆయన పరమపదించేనాటికి ఆయన కవచం కొంత బార్లీ కోసం ఒక యూదుని వద్ద తాకట్టులో ఉందని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఒక యూదుని శవయాత్ర వెళ్తుంటే ఆయన (స) లేచి నిలబడ్డారు. అది యూదుని శవమని ఎవరో అంటే, అదీ ఒక ప్రాణమే కదా అన్న భావంతో బదులిచ్చారు.

హజ్రత్ ఉమర్ (రజి) ఒక ముసలి అంధ యూదుడు ఇంటి గుమ్మం దగ్గర అడుక్కోవటం చూసి, అతని చేయి పట్టుకుని తమ ఇంటికి తీసుకెళ్ళి, ఉన్నది ఇచ్చి, తర్వాత బైతుల్ మాల్ నుంచి అతనికీ, అతని వంటివారికీ భృతి ఏర్పాటు చేసి జిజ్యా తొలగించారు. వయసులో ఉన్నప్పుడు అతని నుంచి వసూలు చేసి, ముసలితనంలో వదిలేయటం న్యాయం కాదని ఆయన భావన. ఇమామ్ అబూ యూసుఫ్ తన 'కితాబుల్ ఖరాజ్'లో దీన్ని ఉల్లేఖించారు. ఫర్జ్ జకాత్ ముస్లిమేతరులకు ఇవ్వవచ్చా అన్నదానిపై ధర్మవేత్తల్లో చర్చ ఉంది. అధికుల అభిప్రాయం ఇవ్వరాదనే. కానీ సదఖా ద్వారం అందరికీ తెరిచే ఉందన్న విషయంలో సందేహం లేదు.

అద్దాల మేడల నీడలో

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి మాదాపూర్ రాళ్ళ గుట్టలు అద్దాల మేడలుగా మారిపోయాయి. మణికొండలో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా భూములుగా మనవారు వాదించిన 1,654 ఎకరాల విషయంలో 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షాన తీర్పు చెప్పింది. మనలో చాలామందికి ఆ బాధ ఇంకా ఉంది. పోయిన వక్ఫ్ గురించి మనం గంటల తరబడి మాట్లాడుకుంటాం. కానీ అదే నేల మీది కంపెనీల నుంచి నెలనెలా మన పిల్లల ఖాతాల్లో పడే జీతంలో వంచితునికి హక్కు ఉన్నదన్న విషయం ఎన్నిసార్లు మాట్లాడుకున్నాం? ఆ భూమి మన చేతిలో లేదు. ఈ జీతం మన చేతిలోనే ఉంది.

ఆ జీతం కూడా శాశ్వతం కాదు. 2023 జనవరిలో ఒక్క గూగుల్ సంస్థే ప్రపంచవ్యాప్తంగా దాదాపు 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తొలగిస్తున్నట్లు ప్రకటించాయి. పేరున్న కంపెనీల్లోనే ఇలా ఉంటే, వాటి మీద ఆధారపడ్డ చిన్న కాంట్రాక్టు సంస్థల వారి మాట, వారిని మోసుకెళ్ళే క్యాబ్ డ్రైవర్ల మాట చెప్పేదేముంది? ఇంటి ఈఎంఐ మాత్రం ఏ నెలా ఆగదు.

ఈ సందులోనే అప్పుల యాప్‌లు చొరబడ్డాయి. వాటి ఏజెంట్ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో కొందరు ఆత్మహత్య చేసుకున్నాక, 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఈ యాప్‌ల కాల్ సెంటర్ల మీద దాడులు చేసి పలువురిని అరెస్టు చేశారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పులకు నియమావళి విడుదల చేసింది. ఆ వ్యాపారం నడిచే తీరు చూడండి. వారికి తాకట్టు బంగారం కాదు, భూమి కాదు. మనిషి పరువే తాకట్టు. ఫోనులోని పేర్లన్నీ ముందే లాక్కుని, కట్టకపోతే పరువు తీస్తారు. వడ్డీని అల్లాహ్ ఎందుకంత తీవ్రంగా నిషేధించాడో తెలుసుకోవాలంటే పెద్ద పెద్ద గ్రంథాలు తిరగేయనక్కర్లేదు, ఆ సందేశాల్లో ఒకటి చదివితే చాలు.

అయితే నిషేధం గురించి ఉపన్యసించటంతో మన పని పూర్తవుతుందా? అద్దె గడువు రేపే ఉన్నవాడికి 'వడ్డీ హరామ్' అని చెప్పి, హలాల్ దారి చూపకుండా వెళ్ళిపోతే అతన్ని ఆ యాప్ వైపు నెట్టిన పాపంలో మనకు వాటా లేదా? వడ్డీని ఎవరి దగ్గరా తీసుకోరాదని నమ్మే మనం, వడ్డీ లేని అప్పు దొరికే చోటును మన వీధిలో ఎందుకు నిలబెట్టలేకపోయాం?

నిరాశ పడనక్కర్లేదు. హైదరాబాదులో మంచి పునాదులున్నాయి. 1992 నుంచి హైదరాబాద్ జకాత్ అండ్ చారిటబుల్ ట్రస్టు పేద పిల్లల చదువుల కోసం కృషి చేస్తోంది. సఫా బైతుల్ మాల్ బస్తీల్లో పనిచేస్తోంది. తూర్ బైతుల్ మాల్ వంటి సంస్థలు నగల మీద వడ్డీ లేని అప్పులు ఇస్తున్నాయి. నవాబ్ సాహెబ్ కుంటలోని మసీదె ఇస్హాఖ్‌లో హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ 2018లో ప్రారంభించిన ఆరోగ్య కేంద్రం మతం అడగకుండా రోగులను చూస్తుంది. మన సేవలో ఎక్కువ భాగం పాతబస్తీకి చేరుతోంది. చేరాలి కూడా. కానీ ఐటీ కారిడార్‌లో బాధను ఇస్త్రీ చొక్కా కింద దాచుకున్నవాడు ఆ లెక్కలోకి రావటం లేదు.

మనం చేయగలిగింది

ఈ ప్రాంతపు మసీదు కమిటీలు కలిసి కూర్చుంటే ఖర్జె హసనా నిధి ఒకటి మొదలుపెట్టటం కష్టమేమీ కాదు. వారు 95 డాలర్లతో మొదలుపెట్టారు. ఒక జుమా చందా అంతకంటే తక్కువ ఉండదు. చిన్న మొత్తాలు, ఇద్దరు హామీదారులు, తీర్చటానికి తగినంత గడువు, నిజంగా తీర్చలేనివాడికి జకాత్‌లోని అప్పులపాలైనవారి పద్దు నుంచి విముక్తి. మన యువకుల్లో హెచ్.ఆర్. విభాగాల్లో పనిచేసేవారు వారానికి ఒక సాయంత్రం కేటాయించి ఉద్యోగం పోయినవారికి దారి చూపవచ్చు. సదఖా నిధి నుంచి పక్క అపార్టుమెంటులోని హిందూ సోదరుడికీ, వాచ్‌మన్‌గా ఉన్న క్రైస్తవ సోదరుడికీ తలుపు తెరిచి ఉండాలి.

ఇందులో రెండు సందేహాలు రావచ్చు. మొదటిది, గుట్టుగా ఇస్తే లెక్క ఎలా? నిధికి లెక్క తప్పనిసరి. ఎంత వచ్చింది, ఎంతమందికి వెళ్ళింది, ఎంత తిరిగి వచ్చింది అన్నది ప్రతి నెలా గోడ మీద అంటించాలి. పేర్లు మాత్రం నమ్మకస్తులైన ఇద్దరు ముగ్గురి దగ్గరే ఉండాలి. అంకెలు అందరివీ, పేర్లు అమానత్. సరుకుల సంచీ అందిస్తూ, తీసుకునేవారి ముఖం కనిపించేలా ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టే అలవాటును మనం వెంటనే మానుకోవాలి. అప్పుల యాప్ కోపంతో పరువు తీస్తే, మనం పుణ్యం పేరుతో తీస్తున్నాం. తీసుకునేవాడికి రెండూ ఒకేలా గుచ్చుకుంటాయి.

రెండోది, ఎగ్గొట్టేవారి మాటేమిటి? ఉంటారు, కొందరు ఉంటారు. కానీ ఒకరిద్దరి మోసానికి భయపడి పదిమంది నిజాయితీపరుల ముఖం మీద తలుపు వేయటం విజ్ఞత కాదు. పైగా అప్పులో ఒక గౌరవం ఉంది. దానం తీసుకున్నవాడు తల దించుకుంటాడు. అప్పు తీర్చినవాడు తల ఎత్తుకుని, రేపు మరొకరికి తానే హామీదారుగా నిలబడతాడు.

సోదర సోదరీమణులారా! వచ్చే శుక్రవారం నమాజు అయ్యాక ద్వారం దగ్గరి చేతిలో నోటు పెట్టండి, దాన్ని ఆపమని మేము చెప్పం. కానీ వెళ్ళబోయే ముందు ఒక్కసారి మీ పక్కవాడి ముఖం చూడండి. 'ఎలా ఉన్నారు?' అని అడగండి. అతను 'అల్‌హందులిల్లాహ్' అంటాడు. తప్పకుండా అంటాడు. అక్కడితో ఆగకండి. భుజం మీద చేయి వేసి, పక్కకు తీసుకెళ్ళి, ఇంకోసారి అడగండి. ఆ రోజు మేము అడగకుండా వదిలేసిన రెండో ప్రశ్న అదే.

అడగలేనివారిని గుర్తించే చూపునూ, వారి పరువును కాపాడుతూ ఇచ్చే చేతినీ, మంచి ఎవరిలో కనిపించినా దాన్ని ఒప్పుకునే విశాల హృదయాన్నీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.